డీజే సీడీ ప్లేయర్ మొరాయిస్తే ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

"అన్నా, ప్లేయర్ డిస్క్ తీసుకోవట్లేదు. లెన్స్ పోయినట్టేనా?" ఈ ప్రశ్న అడగని డీజే తమ్ముడు లేడు. చాలాసార్లు లెన్స్ పోదు. డిస్కో, పెన్‌డ్రైవో, వైరో, ఎవరో నొక్కి వదిలేసిన సెట్టింగో కారణమవుతుంది. లెన్స్ మీద అనుమానం అన్నిటికన్నా చివర రావాలి. మనవాళ్ళకు అదే మొదట వస్తుంది, వెంటనే స్క్రూడ్రైవర్ చేతికొస్తుంది.

ఇక్కడ రాసింది ఎక్కువగా పయనీర్ సీడీజే వరసకు: సీడీజే-850, 900, 2000, 2000 నెక్సస్, 2016లో వచ్చిన నెక్సస్ 2. డెనాన్, న్యూమార్క్, జెమినై ప్లేయర్లకూ వెతికే పద్ధతి ఇదే, బటన్ల పేర్లు మాత్రం మారతాయి. 2020లో వచ్చిన సీడీజే-3000కి డిస్క్ స్లాటే లేదు కాబట్టి అది వాడేవాళ్ళు 4 నుంచి 7 వరకు భాగాలు వదిలేయొచ్చు.

1. కిట్ బ్యాగులో ఉండాల్సినవి

లోపం వెతకాలంటే ముందు నమ్మకంగా పనిచేసే వస్తువులు కొన్ని చేతిలో ఉండాలి. అవి లేకపోతే ఎంతసేపు చూసినా ఊహలే మిగులుతాయి.

- కంపెనీ ముద్రించిన ఒరిజినల్ ఆడియో సీడీ ఒకటి. గీతలు లేనిది. ఇంట్లో కాల్చినది (కంప్యూటర్లో రాసుకున్నది) కాదు. దీన్ని ఫంక్షన్లలో వాడకండి, పరీక్షకు మాత్రమే ఉంచండి.
- ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, రికార్డ్‌బాక్స్ (పాటలు సర్దుకోవడానికి పయనీర్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన పెన్‌డ్రైవ్‌లు రెండు. రెండింట్లోనూ అవే పాటలు.
- ఆర్‌సీఏ వైరు జత, ల్యాన్ కేబుల్, పవర్ కార్డు. ఒక్కోటి అదనంగా.
- మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ, చిన్న బ్రష్.
- డిస్క్ బయటికి తీసే పిన్ను. సీడీజే-2000 లాంటి వాటికి ఇది ప్లేయర్ అడుగు భాగంలోనే బిగించి వస్తుంది. సెకండ్‌హ్యాండ్ సెట్లలో సాధారణంగా మాయమై ఉంటుంది.
- మల్టీమీటర్. ఎందుకో మూడో భాగంలో తెలుస్తుంది.

2. మూత జోలికి వెళ్ళకముందు: ఒక్కోటి మార్చి చూడడం

మీ దగ్గర ఎలాగూ ప్లేయర్లు రెండుంటాయి. లోపం కనిపెట్టడానికి అంతకన్నా మంచి పరికరం లేదు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. డిస్కూ వైరూ ఒకేసారి మార్చేస్తే ఏది బాగుచేసిందో తెలియదు, వచ్చే వారం మళ్ళీ అదే గొడవ.

ఈ వరసలో వెళ్ళండి:

1. ఇబ్బంది పెడుతున్న డిస్క్ తీసి రెండో ప్లేయర్‌లో పెట్టండి. అక్కడా ఆగితే తప్పు డిస్కుది.
2. మొదటి ప్లేయర్‌లో ఒరిజినల్ సీడీ పెట్టండి. అది బాగా ఆడితే ప్లేయర్ ఆరోగ్యంగానే ఉంది.
3. ఒరిజినల్ సీడీ కూడా ఆగితే అదే ప్లేయర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టండి.

మూడో మెట్టు దగ్గర ఆగి ఆలోచించాలి. పెన్‌డ్రైవ్‌కు లేజర్‌తో పని లేదు. పెన్‌డ్రైవ్ బాగా ఆడి సీడీ ఆడకపోతే లోపం డ్రైవ్‌లో, అంటే లెన్స్, మోటారు, డిస్క్ లాగే రోలర్లు, వీటిలో ఉంది. రెండింట్లోనూ సౌండ్ తెగుతుంటే లెన్స్‌కు దానితో సంబంధమే లేదు. అప్పుడు వైరు, మిక్సర్, పవర్ వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా లెన్స్ మార్పించి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది.

3. పవర్: ఆన్ కావట్లేదు, మధ్యలో ఆరిపోతోంది

ఊళ్ళలో ఫంక్షన్లంటే జనరేటర్ మీదో, స్తంభం నుంచి లాగిన తాత్కాలిక లైను మీదో నడుస్తాయి. అక్కడ అసలు భయం కరెంటు పోవడం కాదు. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ వదులైతే 230 వోల్టులు రావాల్సిన సాకెట్లో 300 దాటి కూడా రావచ్చు. ప్లేయర్ పవర్ సప్లై ఆ దెబ్బకే పోతుంది.

ప్లగ్ పెట్టకముందు:

- జనరేటర్ స్టార్ట్ చేసి, లైట్లన్నీ వేయించి, కాసేపు నిలకడగా నడవనివ్వండి.
- సాకెట్లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. 250 దాటితే ప్లగ్ పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.
- లైట్లు ఆర్పి వేసినప్పుడు అంకె బాగా ఊగుతోందా చూడండి. ఊగితే న్యూట్రల్ మీద అనుమానం.
- ప్లేయర్లు, మిక్సర్, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి.

వేసే వరస: ముందు ప్లేయర్లు, తర్వాత మిక్సర్, చివరికి యాంప్లిఫయర్లు. ఆర్పేటప్పుడు యాంప్లిఫయర్లు మొదట.

అసలు ఆన్ కాకపోతే పవర్ కార్డు మార్చి చూడండి. వెనక స్విచ్ వేసి ఉందా చూడండి. నవ్వకండి, చీకట్లో వైర్ల మధ్య అది కనపడదు. కాసేపు వాడకపోతే తెర ఆరిపోతుంటే యుటిలిటీలో (ప్లేయర్ సెట్టింగుల మెనూ) ఆటో స్టాండ్‌బై అనే సెట్టింగు ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి. యుటిలిటీ తెరవడానికి మెనూ బటన్ ఒక సెకను పైన నొక్కి పట్టుకోవాలి.

బయటి దేశం నుంచి బంధువులతో తెప్పించుకున్న సెట్టయితే వెనక ప్లేటు మీద వోల్టేజి చదవండి. 100 అనో 120 అనో మాత్రమే రాసి ఉంటే మన సాకెట్లో నేరుగా పెట్టకూడదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే.

4. డిస్క్ చదవట్లేదు: తెర మీద కోడ్ ఏం చెబుతోంది

కోడ్ వస్తే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత ఆర్పి వేస్తే అది పోతుంది, మెకానిక్‌కు చెప్పడానికి ఏమీ మిగలదు.

ఈ-7201: డిస్క్ లోపలి అంచులో పాటల పట్టిక ఉంటుంది. ప్లేయర్ ముందు దాన్నే చదువుతుంది. అది దొరకకపోతే ఈ కోడ్ వస్తుంది. డిస్క్ మురికి, లోపలి అంచు దగ్గర గీతలు, ఫైనలైజ్ చేయని సీడీ-ఆర్, ఇవే ఎక్కువగా కారణాలు. ఫైనలైజ్ చేయని డిస్కులో ఆ పట్టిక పూర్తికాదు. అందుకే కాల్చిన కంప్యూటర్లో ఆడుతుంది, ప్లేయర్‌లో ఆడదు.

ఈ-8302: ట్రాక్ కనిపించింది కానీ ఆడించడం కుదరలేదు. డిస్క్ దెబ్బతిన్నా, ఫైలు పాడైనా వస్తుంది. అదే డిస్కులో వేరే పాట పెట్టి చూడండి. అది ఆడితే ఆ ఒక్క ఫైలునే మళ్ళీ తయారుచేసుకోండి.

ఈ-8305: ఈ ప్లేయర్‌కు ఆ ఫార్మాట్ రాదు. ఇక్కడ డిస్కును ఎంత తుడిచినా లాభం లేదు. ఎనిమిదో భాగం చూడండి.

ఈ-9101: యంత్రభాగం అనుకున్న సమయంలో పని పూర్తి చేయలేదు. డిస్క్ సగంలో ఇరుక్కోవడం, లోపలేదో అడ్డుపడడం. ఐదో భాగానికి వెళ్ళండి.

డిస్క్ తుడిచే పద్ధతి అందరికీ తెలుసనుకుంటాం, నూటికి తొంభైమంది గుండ్రంగానే తుడుస్తారు. మధ్య రంధ్రం నుంచి బయటి అంచుకు నిలువుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే సాగి పొడవైన ముక్కను మింగేస్తుంది. అడ్డంగా పడిన గీతను ప్లేయర్ తనంతట సర్దుకోగలదు. పెట్రోలు, థిన్నర్, గోళ్ళ రంగు తీసే ద్రవం, శానిటైజర్, ఇవేవీ వద్దు. పొడిగుడ్డతో పోకపోతే గుడ్డను మంచినీళ్ళలో ముంచి గట్టిగా పిండి తుడవండి, తర్వాత పొడిగుడ్డతో.

ఇంకోటి. సీడీలో సమాచారం ఉన్న పొర లేబుల్ వైపు, పైన పల్చటి పూత కిందే ఉంటుంది. మెరిసే వైపు గీత పడితే బతికే అవకాశం ఉంది, లేబుల్ వైపు లోతుగా గీరుకుంటే లేదు. బాల్‌పెన్‌తో పాటల పేర్లు రాయొద్దు, మెత్తని మొన ఉన్న సీడీ మార్కర్ వాడండి. డిస్కును లైటుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత చుక్కల్లో వెలుతురు కనిపిస్తుందా? అక్కడ పూత పోయింది. అందులోని పాటల కాపీ ఉంటే కొత్తది కాల్చుకోండి.

కాల్చేటప్పుడు చూసుకోవాల్సినవి:

- సీడీ-ఆర్ వాడండి. సీడీ-ఆర్‌డబ్ల్యూ వెలుతురును తక్కువగా తిప్పి పంపుతుంది, పాతబడిన లేజర్లు దాన్ని చదవలేవు.
- వేగం మరీ ఎక్కువ పెట్టొద్దు. 8 నుంచి 16 మధ్య సరిపోతుంది.
- డిస్క్-ఎట్-వన్స్ (మొత్తం డిస్కును ఒకే ఊపులో రాసే పద్ధతి) ఎంచుకోండి, ఫైనలైజ్ చేయండి, చివర్లో వెరిఫై చేయనివ్వండి.
- 80 నిమిషాల డిస్కులో 80 నిమిషాలకు మించి కుక్కకండి.
- ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా. పాత మోడళ్ళ తెర తెలుగు అక్షరాలు చూపిస్తుందని నమ్ముకోలేం.
- కాల్చిన డిస్కులను కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయొద్దు. ఎండకు సీడీ-ఆర్‌లోని రంగు పొర పాడవుతుంది.

5. డిస్క్ లోపల ఇరుక్కుంది

పెళ్ళి వీడియో వాళ్ళు ఇచ్చే కాగితం స్టిక్కరు అంటించిన డిస్కులు స్లాట్ ప్లేయర్‌కు శత్రువులు. లోపలి వేడికి అంచు లేస్తుంది, రోలర్ దగ్గర పట్టేస్తుంది. చిన్న 8 సెంటీమీటర్ల డిస్కులూ అంతే, లోపలికి వెళ్తాయి కానీ బయటికి రావు. పగులు ఉన్న డిస్కును ఎప్పుడూ పెట్టకండి. వేగంగా తిరిగేటప్పుడు లోపలే ముక్కలైపోవచ్చు.

తీసే వరస:

1. పాట ఆడుతుండగా ఎజెక్ట్ నొక్కుతున్నారేమో చూడండి. ఆడుతున్నప్పుడు డిస్క్ రాకుండా తాళం వేసే సెట్టింగు ఉంటుంది. ముందు పాజ్ చేసి నొక్కండి.
2. రాకపోతే పవర్ ఆర్పండి. పవర్ కార్డు కూడా తీసేయండి.
3. కనీసం ఒక నిమిషం ఆగండి. ఆర్పిన వెంటనే డిస్క్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ వేగంలో బయటికి వస్తే చేతికి తగలొచ్చు, డిస్కూ గీసుకుపోతుంది.
4. ముందు వైపు ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను నిటారుగా, చివరిదాకా గుచ్చండి. డిస్క్ అంచు కొద్దిగా బయటికి వస్తుంది.
5. వేళ్ళతో తిన్నగా లాగండి. పక్కలకు వంచకండి.

పిన్ను లేకపోతే గట్టి పేపర్ క్లిప్పు సాగదీసి వాడొచ్చు. సన్నని సూది వద్దు, లోపలే విరుగుతుంది. స్లాట్‌లోకి స్కేలు, కత్తి, ఏటీఎం కార్డు దూర్చడం మాత్రం చేయకండి. డిస్క్ వచ్చినా రాకపోయినా రోలర్ పోతుంది.

డిస్క్ వచ్చాక టార్చి వేసి స్లాట్‌లోకి చూడండి. స్టిక్కర్ ముక్క, పేపర్ బ్లాస్ట్ కాగితం, అక్షింత గింజ లాంటిది ఏదైనా కనిపించొచ్చు. కనిపించి అందితే ప్లాస్టిక్ చిమ్టాతో తీయండి. అందకపోతే అక్కడితో ఆపి సర్వీసుకు ఇవ్వండి.

6. పాట ఎగురుతోంది, తెగుతోంది

ఎక్కడ ఎగురుతోందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. సీడీ లోపలి నుంచి బయటికి చదవబడుతుంది, మొదటి పాట మధ్య రంధ్రం దగ్గర, చివరి పాట బయటి అంచు దగ్గర ఉంటుంది.

- ఒకే డిస్కు, ప్రతిసారీ అదే చోట: డిస్కు మీద గీత. వేరే కాపీ చేసుకోండి.
- ఏ డిస్కు పెట్టినా చివరి పాటల్లో: చౌక సీడీ-ఆర్ అంచుల్లో సరిగ్గా కాలలేదేమో ఒరిజినల్ సీడీతో సరిచూడండి. దానికీ అలాగే ఉంటే లెన్స్‌ను నడిపే పట్టాల మీద గ్రీజు ఎండిపోయి ఉండొచ్చు, దుమ్ము చేరి ఉండొచ్చు.
- ఏ డిస్కు పెట్టినా, ఎక్కడ పడితే అక్కడ, ఇంట్లో కూడా: లెన్స్ మురికి, లేజర్ బలహీనత, లేదా డిస్కు తిప్పే మోటారు.
- ఇంట్లో బాగుంది, ఫంక్షన్లో ఎగురుతోంది: అదురు. ప్లేయర్ తప్పేం లేదు.

ఆఖరిదే ఎక్కువ. సబ్‌వూఫర్లు పెట్టిన స్టేజీ మీదే టేబుల్ వేస్తారు, ఆ బాస్ అంతా టేబుల్ కాళ్ళలోంచి ప్లేయర్‌లోకి ఎక్కుతుంది. సబ్‌లను స్టేజీ మీంచి నేలకు దించండి. కుదరకపోతే టేబుల్‌ను వేరే చెక్కల మీద నిలబెట్టి, ప్లేయర్ల కింద మందపాటి ఫోమ్ షీటు వేయండి. ప్లేయర్ గాలి రంధ్రాలు ఫోమ్‌తో మూసుకుపోకూడదు. చేతితో టేబుల్ మీద తట్టి చూడండి. పాట ఎగిరితే ఇంకా సరిపోలేదు.

బరాత్‌లో, ఊరేగింపులో డీసీఎం బండి మీద సెటప్ అయితే డిస్క్ జోలికే వెళ్ళకండి. కదిలే బండిలో లేజర్ గీత మీద నిలబడాలని ఆశించడం అన్యాయం. పెన్‌డ్రైవ్ వాడండి.

ఇంకో రకం ఉంది. ఏసీ కారులోంచి తీసి ఉక్కపోత షామియానా కింద పెట్టగానే ఏ డిస్కూ చదవదు, తర్వాత దానంతటదే బాగవుతుంది. అది లెన్స్ మీద పట్టిన తేమ. గంట, రెండు గంటలు ముందే సామాను దించి ఉంచితే ఈ సమస్యే రాదు.

7. లెన్స్ తుడవొచ్చా?

నా మాట: మీ అంతట మీరు వద్దు.

బజారులో బ్రష్ అంటించిన లెన్స్ క్లీనర్ డిస్కులు దొరుకుతాయి. పయనీర్ మాన్యువల్ వాటిని వాడొద్దనే చెబుతుంది, లెన్స్‌కు దెబ్బ తగలొచ్చని. లెన్స్ సన్నని తీగల మీద తేలుతూ ఉంటుంది. బ్రష్ దాన్ని పక్కకు లాగితే మురికి పోతుందేమో కానీ అమరిక కూడా పోతుంది.

మూత తీసి స్పిరిట్ అద్దిన దూదితో తుడవడం మెకానిక్‌లు చేసే పని. వాళ్ళకు అలవాటు. మనకు అక్కడ రెండు ప్రమాదాలున్నాయి. పవర్ సప్లైలోని కెపాసిటర్లు ప్లగ్ తీశాక కూడా కాసేపు షాక్ కొడతాయి. సీడీ లేజర్ 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనపడదు. వెలుగుతోందా అని లెన్స్‌లోకి తొంగి చూస్తే కన్నుకే ముప్పు.

మీరు చేయదగ్గది లెన్స్ మురికి కాకుండా చూసుకోవడం. పొగ యంత్రం గొట్టాన్ని టేబుల్ వైపు తిప్పనివ్వకండి, ఆ ద్రవం సన్నటి జిడ్డు పొరలా లోపల పడుతుంది. ఫంక్షన్ అవగానే కవర్ వేయండి. డిస్క్ లేనప్పుడు స్లాట్ ముందు అగరుబత్తి పెట్టకండి. మొదటి పాటకు ముందు పూజ చేయడం మంచిదే, ఆ బూడిద మాత్రం మిక్సర్‌కు అవతల పడాలి.

8. పెన్‌డ్రైవ్ కనిపించట్లేదు, ఫైలు ఆడట్లేదు

పెన్‌డ్రైవ్ అసలు కనిపించకపోతే:

- ఫార్మాట్ ఫ్యాట్32 ఉండాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను సీడీజేలు చదవవు. డిస్క్ స్లాట్ ఉన్న మోడళ్ళు ఎక్స్‌ఫ్యాట్‌నూ చదవవు.
- మ్యాక్‌లో ఫార్మాట్ చేస్తే స్కీమ్ దగ్గర మాస్టర్ బూట్ రికార్డ్ ఎంచుకోవాలి. జీయూఐడీ పార్టిషన్ అని వదిలేస్తే ల్యాప్‌టాప్‌లో అన్నీ కనిపిస్తాయి, ప్లేయర్‌కు ఏమీ కనపడదు.
- మధ్యలో యూఎస్‌బీ హబ్ పెట్టకండి. నేరుగా గుచ్చండి.
- ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయి. ముందు కాపీ తీసుకోండి.

పెన్‌డ్రైవ్ కనిపించి ప్లేలిస్టులు రాకపోతే మీరు ఫైళ్ళను లాగి పడేసి ఉంటారు. రికార్డ్‌బాక్స్‌లో ఎక్స్‌పోర్ట్ మోడ్ నుంచి పంపితేనే ప్లేలిస్టులు, క్యూ పాయింట్లు (పాట మొదలుపెట్టడానికి గుర్తు పెట్టుకున్న చోట్లు), వేవ్‌ఫామ్ వస్తాయి. సరిగ్గా పంపితే పెన్‌డ్రైవ్‌లో పయనీర్, కంటెంట్స్ అనే ఫోల్డర్లు రెండూ ఉంటాయి. వాటి పేర్లు మార్చకండి, ఫోన్లో పెట్టి సర్దకండి.

ఈ-8305 ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది. ఎవరికి వస్తుందంటే:

- ఫ్లాక్ ఫైళ్ళు: నెక్సస్ 2 నుంచే ఆడతాయి. దాని ముందు 2000, నెక్సస్, 900, 850 వేటికీ రావు. రికార్డ్‌బాక్స్‌లో ఆడుతుంది కదా అని పంపేస్తారు, స్టేజీ మీద బయటపడుతుంది.
- 96 కిలోహెర్ట్జ్ ఫైళ్ళు: పాత మోడళ్ళు 44.1, 48 వరకే.
- 32 బిట్ ఫ్లోట్ వావ్: ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి నేరుగా సేవ్ చేస్తే ఇలా వస్తుంది. 16 బిట్‌కు మార్చండి.
- అన్నీ సరిగ్గానే ఉన్నా ఆడని 24 బిట్ వావ్: దీనికే జుట్టు పీక్కుంటారు. ఫైలు మొదట్లో ఉండే హెడర్ ఎక్స్‌టెన్సిబుల్ అనే రకంలో ఉంటే సీడీజే దాన్ని ఒప్పుకోదు. ఏఐఎఫ్‌ఎఫ్‌గా మార్చి చూడండి, శబ్దంలో ఏ నష్టమూ ఉండదు.

మార్చడం తెలియని హడావుడిలో ఉంటే 320 కేబీపీఎస్ ఎంపీ3 చేయండి. ప్రతి మోడల్లో ఆడుతుంది, షామియానా కింద తేడా పట్టేవాడు దొరకడం కష్టం.

తీసేటప్పుడు యూఎస్‌బీ స్టాప్ బటన్ నొక్కి పట్టుకుని, పక్క లైటు ఆరాకే లాగండి. ఊరికే లాగే అలవాటు వల్లే డేటాబేస్ పాడవుతుంది. ఆడుతుండగా లాగితే నెక్సస్ మోడళ్ళు చివరి నాలుగు బీట్లను లూప్ చేస్తాయి. అది ప్లేయర్ పిచ్చి కాదు, పాట ఆగిపోకుండా మీకిచ్చిన గడువు. ఆ లోపు రెండో డెక్ (ప్లేయర్) మీద పాట ఎత్తుకోండి.

9. సౌండ్ రావట్లేదు, ఒకవైపే వస్తోంది, గరగరమంటోంది

గరగరా, చెవులు చిల్లులు పడేంత సౌండ్ వస్తుంటే వైరు మిక్సర్ వెనక ఫోనో ఇన్‌పుట్‌లో ఉందేమో చూడండి. అది గ్రామఫోన్ టర్న్‌టేబుల్‌కు, చాలా చిన్న సిగ్నల్‌ను పెద్దది చేస్తుంది. సీడీ ప్లేయర్ వైరు సీడీ లేదా లైన్ ఇన్‌పుట్‌లో ఉండాలి. పైన ఛానల్ స్విచ్ కూడా అదే వైపు తిప్పాలి.

ఒకవైపే వస్తుంటే:

1. ప్లేయర్ వెనక ఎరుపు, తెలుపు పిన్నులు అటూ ఇటూ మార్చండి. ఆగిపోయిన వైపు మారిందా? లోపం ప్లేయర్ అవుట్‌పుట్‌లో.
2. మారకపోతే పిన్నులు యథాస్థానంలో పెట్టి, ఈసారి మిక్సర్ వెనక మార్చండి. ఇప్పుడు మారితే వైరు పోయింది.
3. ఇక్కడా మారకపోతే మిక్సర్ ఛానల్. ప్లేయర్‌ను పక్క ఛానల్‌కు మార్చి పని కానివ్వండి.

మార్చే ముందు ఛానల్ వాల్యూమ్ దించండి, లేకపోతే స్పీకర్ల నుంచి ఢాం అంటుంది.

ఎడతెగని హమ్మింగ్ ఉంటే ముందు అన్నీ ఒకే బోర్డు మీదికి తెండి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, చాలాసార్లు దొంగ అదే. హమ్మింగ్ పోవాలని ప్లగ్గుకు ఎర్త్ పిన్ను పీకేసేవాళ్ళున్నారు. చెమట చేతులతో లోహపు పెట్టెలు ముట్టుకునే పని మనది, అలా చేయకండి.

10. లోపం కాదు, సెట్టింగే: జాగ్, క్యూ, టెంపో

సర్వీసుకు వెళ్ళి ఏ లోపమూ లేకుండా తిరిగొచ్చే ప్లేయర్లు ఈ కింది వాటివల్లే వెళ్తాయి.

జాగ్ (ప్లేయర్ మీదుండే పెద్ద గుండ్రటి చక్రం) మీద చేయి పెడితే పాట ఆగట్లేదు. వైనల్ మోడ్ ఆఫ్‌లో ఉంది. జాగ్ మోడ్ బటన్ నొక్కండి.

ప్లే నొక్కితే పాట నత్తలా మొదలవుతోంది. వైనల్ స్పీడ్ అడ్జస్ట్ నాబ్ ఎవరో తిప్పారు. మోడల్‌ను బట్టి అది ఒకటి ఉంటుంది, రెండుంటాయి. వేగం వైపు పూర్తిగా తిప్పండి.

పాట వెనక్కి ఆడుతోంది. డైరెక్షన్ లీవర్ రివర్స్‌లో ఉంది.

మిక్సర్ ఫేడర్ ఎత్తగానే ప్లేయర్ దానంతటదే మొదలవుతోంది. వెనక కంట్రోల్ జాక్‌లో సన్నని వైరు ఉంది, మిక్సర్‌లో ఫేడర్ స్టార్ట్ ఆన్‌లో ఉంది. ఆపండి లేదా వైరు పీకండి.

క్యూ నొక్కితే నేను అనుకున్న చోట పడట్లేదు. క్వాంటైజ్ ఆన్‌లో ఉంటే ప్లేయర్ దగ్గరి బీటుకు లాగుతుంది. బీట్ గ్రిడ్ (పాటలో బీట్లు ఎక్కడున్నాయో చూపే గుర్తులు) తప్పుగా ఉంటే తప్పు చోటికే లాగుతుంది. మన పాత పాటలకూ, మనుషులు చేత్తో వాయించిన డప్పు, తీన్‌మార్‌కూ ఇది ఎక్కువ, ఎందుకంటే వాటిలో వేగం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండదు. రికార్డ్‌బాక్స్‌లో వాటిని డైనమిక్ మోడ్‌లో మళ్ళీ అనలైజ్ చేయండి. ఆడేటప్పుడు క్వాంటైజ్, సింక్ ఆపి చెవితో కలపండి.

టెంపో స్లైడర్ మధ్యలో ఉన్నా సున్నా రావట్లేదు. టెంపో రీసెట్ నొక్కండి. స్లైడర్ ముట్టుకోకుండానే అంకెలు ఊగుతుంటే లోపల దుమ్ము. ప్లేయర్ ఆర్పి స్లైడర్‌ను ఇరవై ముప్పైసార్లు పైకీ కిందకీ నడపండి. తగ్గకపోతే ఫేడర్ల కోసమే చేసిన క్లీనర్ కావాలి. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకండి, అవి దుమ్మును పట్టుకునే జిడ్డును వదులుతాయి.

ప్లే, క్యూ బటన్లు రెండుమూడుసార్లు నొక్కితేనే పనిచేస్తున్నాయి. ఇది మాత్రం నిజంగా లోపమే. కింది చిన్న స్విచ్‌లు అరిగిపోయాయి. మెకానిక్‌కు తేలికైన పని, స్విచ్ మారిస్తే చాలు, మొత్తం బోర్డు మార్చాలంటే ఒప్పుకోకండి.

ఎవరూ ముట్టకుండానే పాట ఆగి కదులుతోంది. జాగ్ మీద ఫోనో, హెడ్‌ఫోన్ వైరో ఆనుకుని ఉందా చూడండి. లేకపోతే జాగ్ కింద ఒత్తిడిని పట్టే షీట్ స్విచ్ అతుక్కుపోయింది. వైనల్ మోడ్ ఆపేస్తే ఆ రాత్రికి గడుస్తుంది.

11. రెండు ప్లేయర్లు లింక్ కావట్లేదు

రెండింటి మధ్య ల్యాన్ కేబుల్ నేరుగా చాలు. మిక్సర్‌నో, మూడో ప్లేయర్‌నో కలపాలంటే మధ్యలో స్విచింగ్ హబ్ ఉండాలి. ప్రతి ప్లేయర్‌కూ వేరే నంబరు ఉండాలి. రెండూ 1 అని ఉంటే ఒకదాన్నొకటి గుర్తించవు. నంబరు యుటిలిటీలో మార్చొచ్చు, కానీ పెన్‌డ్రైవ్‌లూ కేబులూ తీసేశాకే మార్చనిస్తుంది. తర్వాత ఫర్మ్‌వేర్ (ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ చూడండి. రెండింట్లో వేరుగా ఉంటే ఇంటి దగ్గర, నిలకడైన కరెంటు మీద, మాన్యువల్ చెప్పినట్టు అప్‌డేట్ చేయండి. ఫంక్షన్ రోజు పొద్దున చేసే పని కాదది.

12. ఫంక్షన్ మధ్యలో ఆగిపోతే

1. రెండో డెక్ మీద పాట వేయండి. వెతకడం తర్వాత.
2. పాడైన డెక్ ఛానల్ ఫేడర్ దించండి.
3. కోడ్ ఫొటో తీయండి.
4. పెన్‌డ్రైవ్ తీసి, పవర్ ఆర్పి, పది సెకన్లు ఆగి వేయండి.
5. రెండో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి.
6. అయినా కాకపోతే దాన్ని వదిలేయండి. ఒక ప్లేయర్, ఒక ఫోను లేదా ల్యాప్‌టాప్‌తో రాత్రి గడపొచ్చు. జనం ముందు మూత విప్పిన ప్లేయర్ మర్నాటికి ఎక్కువ ఖర్చు పెడుతుంది.

13. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు, పాత సెట్టు కొనేటప్పుడు

మెకానిక్‌కు "సరిగ్గా ఆడట్లేదు" అని చెప్పకండి. ఇవి రాసివ్వండి: మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, కోడ్ ఫొటో, ఒరిజినల్ సీడీతో ఏమైంది, పెన్‌డ్రైవ్‌తో ఏమైంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా. లెన్స్ మారిస్తే పాతది తిరిగి ఇమ్మనండి.

సెకండ్‌హ్యాండ్ కొంటుంటే అమ్మేవాడు ఆన్ చేసి ఉంచిన సెట్టు చూడకండి. ఆర్పించి, మీ చేత్తో వేసి, ఇవి చూడండి:

- మీ ఒరిజినల్ సీడీ మొదటి పాట, చివరి పాట, రెండూ.
- మీరు కాల్చిన సీడీ-ఆర్ ఒకటి. లేజర్ బలహీనమైతే ముందు దీనికే తడబడుతుంది.
- ఎజెక్ట్ పదిసార్లు, వరసగా.
- ప్లే, క్యూ బటన్లు వేగంగా, మెల్లగా, అంచు మీద నొక్కి.
- టెంపో స్లైడర్ చివరి నుంచి చివరికి, అంకెలు గెంతకుండా.
- యూఎస్‌బీ సాకెట్‌లో పెన్‌డ్రైవ్‌ను కొంచెం కదిలిస్తే పాట తెగకూడదు.
- అరగంట ఆగకుండా ఆడించాక పై పరీక్షలన్నీ మరోసారి. అమ్మేవాడికి అంత టైం లేదంటే ఆ సెట్టు వద్దు.